214 కోట్ల దగ్గర నిండిపోయే లెక్క: 2147483647 వెనుక కథేమిటి?

క్లుప్తంగా: 31 రెండ్లను గుణించి, వచ్చిన దానిలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది 2147483647. కంప్యూటర్లో 32 బిట్ల (సున్నా లేదా ఒకటి పట్టే 32 స్థానాల) గడిలో ప్లస్, మైనస్ గుర్తుతో సహా దాచగల అతి పెద్ద పూర్ణాంకం ఇదే. 2038 జనవరి 19న పాత కంప్యూటర్ల గడియారాలు గాడి తప్పుతాయన్న వార్తలకు మూలమూ ఇదే. గణితంలో దీనికి వేరే గుర్తింపు ఉంది: ఇది ప్రధాన సంఖ్య అని 1772 నుంచీ తెలుసు. కంప్యూటర్‌కు హద్దు కావడానికీ, ప్రధాన సంఖ్య కావడానికీ కారణాలు వేరువేరు. వాటిని ఒకే ముడిగా చెప్పడం వల్లే ఈ సంఖ్య చుట్టూ అపోహలు పెరిగాయి.

ఫోన్ నంబరు ఎందుకు పట్టదు

ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో సీ భాష నేర్చుకునే చాలామందికి ఈ హద్దు ఒక తప్పు ద్వారానే పరిచయమవుతుంది. పేరు, ఊరు, ఫోన్ నంబరు దాచే చిన్న ప్రోగ్రాం రాస్తూ నంబరును ‘ఇంట్’ రకం వేరియబుల్‌లో, అంటే పూర్ణాంకం దాచే గడిలో, పెడతారు. నమూనాకు 9876543210 ఇస్తే తెర మీద సాధారణంగా 1286608618 కనబడుతుంది. ఎక్కడా లేని ఈ కొత్త నంబరు యాదృచ్ఛికంగా పుట్టింది కాదు. ఇంట్ గడిలో 32 బిట్లే ఉంటాయి. అంతకన్నా పెద్ద సంఖ్య వస్తే చివరి 32 బిట్లను ఉంచుకొని, పైవాటిని వదిలేస్తుంది. అంటే 2^32 (32 రెండ్ల లబ్ధం), అంటే 4294967296తో భాగించి శేషం మాత్రమే ఉంచుకున్నట్టు. 9876543210లోంచి 4294967296ను రెండుసార్లు తీసేస్తే మిగిలేది సరిగ్గా 1286608618.

భారత్‌లో మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి. పది అంకెల సంఖ్యగా చూస్తే వాటిలో అతి చిన్నది కూడా 600 కోట్లకు తక్కువ ఉండదు. గడి మాత్రం 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 దగ్గరే నిండిపోతుంది. కాబట్టి మన దేశపు మొబైల్ నంబరు ఒక్కటి కూడా అందులో ఇమడదు. పన్నెండు అంకెల ఆధార్ సంగతి చెప్పనక్కర్లేదు. అసలు ఫోన్ నంబరును సంఖ్యగా దాచడమే సరికాదన్నది వేరే చర్చ. దాన్ని ఎవరూ కూడరు, తీసెయ్యరు. అక్షరాల వరుసగా దాచడమే పద్ధతి.

డేటాబేస్‌లలో ఇదే పొరపాటు మరో రూపంలో బయటపడుతుంది. మైసీక్వెల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను కఠిన నియమాలు లేకుండా నడిపితే, గడికి మించిన విలువను అది కత్తిరించదు, గడిలో పట్టే గరిష్ఠ విలువకు తగ్గించి దాచుకుంటుంది. వందల మంది ఖాతాదారులకు ఒకే ఫోన్ నంబరు, 2147483647, నమోదై కనిపించడానికి కారణం ఇదే. అమెరికాలో 214 డాలస్ ప్రాంతపు కోడ్ కూడా కావడంతో, అక్కడ చూసేవారికి అది నిజమైన నంబరులానే ఉంటుంది. తప్పు త్వరగా దొరకదు.

32 బిట్లుంటే 31 దగ్గరే హద్దు ఎందుకు

బిట్ అంటే సున్నా లేదా ఒకటి పట్టే స్థానం. 32 స్థానాలుంటే 429 కోట్లకు పైగా వేర్వేరు అమరికలు సాధ్యం. రుణ సంఖ్యలు కూడా కావాలి కాబట్టి సగం అమరికలను వాటికి కేటాయించారు. మొదటి బిట్ ఒకటి అయితే రుణ సంఖ్య, సున్నా అయితే ధన సంఖ్య లేదా సున్నా. మిగిలిన 31 స్థానాల్లోనూ ఒకట్లు నింపితే వచ్చే విలువే 2147483647. ద్విసంఖ్యామానంలో ఇది వరుసగా 31 ఒకట్లు.

రుణ సంఖ్యల వైపు హద్దు −2147483648. రెండు వైపులా సమానంగా లేకపోవడానికి కారణం సున్నా: అది కూడా ధన సంఖ్యల వాటాలోంచే ఒక అమరికను తీసుకుంటుంది. అందుకే −2147483648 గుర్తు మార్చమని ఇంట్‌ను అడిగితే జావా వంటి భాషల్లో మళ్లీ −2147483648 వస్తుంది. రావాల్సిన 2147483648కు అక్కడ చోటు లేదు.

గరిష్ఠ విలువకు ఒకటి కలిపితే పాత స్కూటర్ మీటరు 99999 తర్వాత 00000కు తిరిగినట్టే ఈ లెక్కా తిరుగుతుంది. తేడా ఏమిటంటే మీటరు సున్నాకు వస్తుంది, ఇది నేరుగా −2147483648కు పడిపోతుంది. జావాలో ఈ తిరుగుడు భాష నియమాల్లోనే ఉంది. సీ భాషలో ప్లస్, మైనస్ గుర్తు ఉన్న పూర్ణాంకం హద్దు దాటి పొంగితే ఏం జరగాలో నియమాలు చెప్పవు, కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే కంపైలర్ ఏం చేసినా తప్పు కాదు. పైథాన్‌లో పూర్ణాంకాలు అవసరాన్ని బట్టి పెరుగుతాయి కాబట్టి ఈ హద్దే ఎదురుకాదు.

హద్దు తెలిసినవారు కూడా మధ్యలో వచ్చే లెక్కను మరచిపోతుంటారు. దీనికి పేరున్న ఉదాహరణ బైనరీ సెర్చ్, అంటే జాబితాను సగం సగం చేస్తూ వెతికే పద్ధతి. వరుసలో ఉన్న జాబితా మధ్య స్థానం కనుక్కోవడానికి మొదటి, చివరి స్థానాలను కూడి రెండుతో భాగిస్తారు. రెండు స్థానాలూ హద్దులోనే ఉంటాయి, జవాబూ హద్దులోనే ఉంటుంది. వాటి మొత్తం మాత్రం హద్దు దాటి రుణ సంఖ్య కావచ్చు. జావా ప్రామాణిక లైబ్రరీలో ఏళ్ల తరబడి దాగి ఉన్న ఈ లోపాన్ని సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ జాషువా బ్లాక్ 2006లో వెల్లడించారు. కోట్ల సంఖ్యలో అంశాలున్న జాబితాలు వాడుకలోకి వచ్చేదాకా అది ఎవరికీ తగల్లేదు.

డబ్బులో, రోజుల్లో కొలిస్తే

హద్దు ఎంత పెద్దదన్నది దేన్ని కొలుస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. మనుషుల్ని లెక్కపెడితే భారత జనాభా ఇంట్‌లో సులువుగా పడుతుంది, ప్రపంచ జనాభా పట్టదు. రూపాయల్లో 214 కోట్లు పెద్ద మొత్తమే. అయితే దశాంశాల తలనొప్పి లేకుండా మొత్తాలన్నీ పైసల్లోనే దాచడం సాఫ్ట్‌వేర్‌లో మామూలు. అప్పుడు హద్దు 2 కోట్ల 14 లక్షల 74 వేల 836 రూపాయల 47 పైసలకు దిగిపోతుంది. హైదరాబాద్‌లో ఓ మాదిరి విల్లా ధర దీన్ని దాటేస్తుంది.

కాలాన్ని మిల్లీ సెకన్లలో కొలిస్తే 24 రోజుల 20 గంటలకు, సెకనులో నూరో వంతుల్లో కొలిస్తే 248 రోజుల 13 గంటలకు గడి నిండుతుంది. ఈ 248 రోజుల లెక్క 2015లో విమానయాన వార్తల్లోకి ఎక్కింది. బోయింగ్ 787 విమానంలో విద్యుత్ సరఫరా 248 రోజులు ఆపకుండా కొనసాగితే జనరేటర్ నియంత్రణ యూనిట్లలోని ఒక కౌంటర్ పొంగి, అవన్నీ ఒకేసారి ఆగిపోయే ప్రమాదం ఉందని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఆదేశం జారీ చేసింది. తక్షణ పరిష్కారం అంతలోపు ఒకసారి కరెంటు ఆపి మళ్లీ ఇవ్వడమే. కోట్ల డాలర్ల విమానానికి కూడా మందు ‘ఆఫ్ చేసి ఆన్ చేయడం’ కావడం అప్పట్లో బాగానే నవ్వించింది.

అంతకు ముందు ఏడాది డిసెంబరులో యూట్యూబ్‌లో దక్షిణ కొరియా గాయకుడు సై పాట చూసినవారి లెక్క ఈ సంఖ్యకు చేరింది. కౌంటరును 64 బిట్లకు పెంచినట్టు గూగుల్ ప్రకటించింది. కొత్త హద్దు 9223372036854775807. ఏ పాటకైనా ఇది చాలు.

2038 జనవరి 19, మంగళవారం

యునిక్స్ తరహా ఆపరేటింగ్ వ్యవస్థలు కాలాన్ని 1970 జనవరి 1 అర్ధరాత్రి (గ్రీనిచ్ లెక్కన) నుంచి గడిచిన సెకన్లుగా గుర్తుంచుకుంటాయి. ఆ సెకన్లను ప్లస్, మైనస్ గుర్తు ఉన్న 32 బిట్ల గడిలో దాచితే 68 ఏళ్లకు పైగా సరిపోతుంది. చివరి క్షణం 2038 జనవరి 19, గ్రీనిచ్ కాలమానంలో తెల్లవారుజామున 3:14:07. భారత కాలమానంలో ఉదయం 8:44:07. తర్వాతి సెకనులో లెక్క −2147483648 అవుతుంది, అంటే 1970కి అన్ని సెకన్ల వెనక్కి. అలాంటి గడియారం 1901 డిసెంబరు 13, రాత్రి 8:45:52 అని చూపిస్తుంది.

దీన్ని 2000 సంవత్సరం నాటి ‘వైటూకే’ భయంతో పోల్చడం సహజమే. పోలిక కొంతవరకే సరి. అక్కడ సమస్య ఏడాదిని రెండంకెల్లో రాయడం, మనుషులు పెట్టుకున్న అలవాటు. తెర మీద, కాగితం మీద కనబడేది. ఇక్కడ లోపం నిల్వ లోతుల్లో ఉంటుంది, 2038 దాకా పైకి ఏ లక్షణమూ చూపించదు. ఇంకో తేడా కూడా ఉంది. కంప్యూటర్లు, ఫోన్లలో అత్యధికం ఇప్పటికే 64 బిట్ల సెకన్లకు మారిపోయాయి. ఆ గడి నిండడానికి 29 వేల కోట్ల ఏళ్లకు పైగా పడుతుంది. 32 బిట్ల ప్రాసెసర్లలోనూ 64 బిట్ల కాలాన్ని వాడుకునే ఏర్పాటు 2020లో వచ్చిన లినక్స్ 5.6 కెర్నల్‌తో (ఆపరేటింగ్ వ్యవస్థ కేంద్ర భాగంతో) సిద్ధమైంది. కాబట్టి ఇంట్లో ల్యాప్‌టాప్ మొరాయిస్తుందన్న భయం అక్కర్లేదు.

మిగిలిన ప్రమాదం రెండు చోట్ల. ఒకటి, ఒకసారి అమర్చి ఇరవై ఏళ్లు ముట్టుకోని పరికరాలు: కర్మాగారాల కంట్రోలర్లు, మీటర్లు, పాత రౌటర్లు. రెండు, పాత పద్ధతిలో దాచిన డేటా. మైసీక్వెల్‌లో తేదీ, సమయం దాచే ‘టైమ్‌స్టాంప్’ రకం కాలమ్ హద్దు ఇప్పటికీ 2038 జనవరి 19నే. ఈ రెండోదానికి 2038 దాకా ఆగాల్సిన పనే లేదు. ఇరవై ఏళ్ల గృహరుణం 2019లో తీసుకున్నవారి చివరి వాయిదా 2039లో పడుతుంది. ఆ తేదీని అలాంటి కాలమ్‌లో దాచబోతే ఇబ్బంది రుణం మంజూరైన రోజునే మొదలవుతుంది. భవిష్యత్తు తేదీలతో పని చేసే బీమా, పింఛను, బాండ్ల లెక్కలన్నిటికీ ఇదే వర్తిస్తుంది.

హద్దుకూ ప్రధాన సంఖ్యకూ చుట్టరికం ఉందా

2147483647ను 1తోనూ, దానితోనూ తప్ప మరే సంఖ్యతోనూ భాగించలేం. కంప్యూటర్ తయారీదారులు కావాలనే ప్రధాన సంఖ్యను హద్దుగా ఎంచుకున్నారన్న మాట అక్కడక్కడా వినిపిస్తుంది. అది నిజం కాదని పక్క గడులను చూస్తే తెలుస్తుంది. 8 బిట్ల గడి హద్దు 127, ప్రధాన సంఖ్యే. 16 బిట్ల హద్దు 32767 మాత్రం 7, 31, 151ల లబ్ధం. 64 బిట్ల హద్దులోనూ 7 రెండుసార్లు ఇమిడి ఉంది.

ఒకట్ల వరుసను చూస్తే కారణం అర్థమవుతుంది. 16 బిట్ల హద్దులో 15 ఒకట్లుంటాయి. 15ను మూడేసి చొప్పున గుంపులు చేయవచ్చు: 111 111 111 111 111. ప్రతి గుంపూ 111 కాబట్టి మొత్తం సంఖ్య 111తో, అంటే 7తో, భాగించబడుతుంది. అయిదేసి గుంపులు చేస్తే 31తో భాగించబడుతుందని తేలుతుంది. 63 ఒకట్లకూ ఇదే గతి. 31 మాత్రం ప్రధాన సంఖ్య కనుక సమాన గుంపులుగా విడదు. గుంపులుగా విడిపోకపోతే చాలా, ప్రధాన సంఖ్య అయిపోతుందా? చాలదు. 11 ఒకట్ల సంఖ్య 2047. అది 23, 89ల లబ్ధం. 31 దగ్గర నిజంగా ఏం జరుగుతుందో లెక్క చేసి చూడాల్సిందే. గణిత చరిత్రలో ఈ సంఖ్యకు చోటు దక్కింది ఇక్కడే.

ఆయిలర్ భాగహారాలు

రెండు ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యలను ఫ్రెంచ్ సన్యాసి మరాన్ మెర్సెన్ పేరుతో పిలుస్తారు. ఆయనకన్నా ముందే ఇటలీ గణితవేత్త కటాల్ది 17, 19 ఘాతాలు ప్రధాన సంఖ్యలిస్తాయని సరిగ్గా చూపి, 23, 29, 31, 37 కూడా ఇస్తాయని చెప్పారు. 23, 37 తప్పని 1640లో ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా తేల్చారు. 29 తప్పని 1738లో స్విస్ గణితవేత్త ఆయిలర్ చూపారు: 233తో అది శేషం లేకుండా పోతుంది. నాలుగింట్లో మిగిలింది 31 ఒక్కటే. 1644లో మెర్సెన్ ఇచ్చిన జాబితాలోనూ అది ఉంది. అయితే ఆ జాబితాలో 67, 257 తప్పు. 61, 89, 107 లేకపోవడం ఇంకో తప్పు. జాబితాలో ఉండటం రుజువు కాదు.

ఒక సంఖ్య ప్రధానమా కాదా తేల్చడానికి దాని వర్గమూలం వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూస్తే సరి. ఇక్కడ వర్గమూలం 46340 దాటుతుంది. అంతలోపు ప్రధాన సంఖ్యలు నాలుగు వేల ఏడు వందలకు పైనే. చేత్తో చేసే పని కాదు.

ఆయిలర్ ఆ జాబితాను రెండు జల్లెడల్లో వడపోశారు. మొదటిది ఫెర్మా సిద్ధాంతం నుంచి వచ్చింది: 31 ఒకట్ల సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 62 గుణిజం కన్నా ఒకటి ఎక్కువై తీరాలి. రెండోది: దాన్ని 8తో భాగిస్తే శేషం 1 లేదా 7 రావాలి. 2047 మీద ఈ నియమాలను పరీక్షించవచ్చు. అక్కడ ఘాతం 11 కాబట్టి 22 గుణిజాలు చూడాలి. 23 అంటే 22కు ఒకటి ఎక్కువ, 89 అంటే 88కి ఒకటి ఎక్కువ. 8తో భాగిస్తే శేషాలు 7, 1. రెండు నియమాలూ సరిపోయాయి.

31 విషయంలో రెండు నియమాలనూ కలిపితే, 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 వచ్చే ప్రధాన సంఖ్యలు మాత్రమే మిగులుతాయి. 46340 లోపు ఆ శేషాలు వచ్చే సంఖ్యలే నాలుగు వందలకు తక్కువ. అందులో ప్రధానాలు ఎనభై చిల్లర. మొదటిది 311. దానితో భాగిస్తే 35 శేషం. తర్వాతిది 1303, శేషం 226. ఇలా చివరిదాకా ఎక్కడా శేషం సున్నా కాలేదు. గణితవేత్త బెర్నూలీకి రాసిన ఉత్తరంలో ఆయిలర్ ఈ ఫలితాన్ని 1772లో ప్రకటించారు. అప్పటికి ఆయన చూపు దాదాపు పూర్తిగా పోయింది. ఎనభై పైచిలుకు భాగహారాలే అయినా, ఒక్కొక్కటీ పది అంకెల సంఖ్య మీద.

ఘాతం బాగా పెరిగితే ఈ పద్ధతి పనికిరాదు, జల్లెడ పట్టినా మిగిలేవి లక్షల్లో, కోట్లలో ఉంటాయి. ఇప్పుడు వాడేది లూకాస్–లేమర్ పరీక్ష. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేయాలి: 4, 14, 194, 37634, 1416317954. హద్దు దాటినప్పుడల్లా పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం తీసుకోవాలి. 31 ఘాతానికి 29 అడుగులు, చివర సున్నా వస్తే ప్రధాన సంఖ్య. ఇక్కడ వస్తుంది. ఫోన్‌లోని ప్రాసెసర్‌కు రెప్పపాటు పని కూడా కాదు.

ప్రతి మెర్సెన్ ప్రధాన సంఖ్యా ఒక పరిపూర్ణ సంఖ్యను, అంటే తన కన్నా చిన్న భాజకాల మొత్తానికి సమానమైన సంఖ్యను, వెంట తెస్తుంది. 6, 28 వంటివన్నమాట. 2147483647 తెచ్చేది 2305843008139952128. ఇంతకన్నా పెద్ద పరిపూర్ణ సంఖ్యను బహుశా ఎవరూ ఎప్పటికీ కనుక్కోరని, వాటితో ఉపయోగం లేదు కనుక ఎవరూ ప్రయత్నించరని 1811లో ఇంగ్లండ్ గణితవేత్త పీటర్ బార్లో రాశారు. 1876లో ఫ్రెంచ్ గణితవేత్త లూకాస్ 127 ఘాతాన్ని, 1883లో రష్యా మతాధికారి పెర్వుషిన్ 61 ఘాతాన్ని రుజువు చేశారు. 2024 అక్టోబరులో దొరికిన 52వ మెర్సెన్ ప్రధాన సంఖ్యకు ఘాతం 13,62,79,841. ఆ సంఖ్యలో 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్నాయి. ఉపయోగం లేదన్న మాట మాత్రం ఇంకా చాలావరకు నిలబడుతోంది.

ఘాతమే మెర్సెన్ సంఖ్య అయితే

31 కూడా 2^5 − 1. అంటే 5 నుంచి 31, 31 నుంచి 2147483647. ఈ వరుసను ఇంకో మెట్టు ఎక్కిస్తే 2147483647 ఒకట్ల సంఖ్య వస్తుంది. దశాంశాల్లో రాస్తే 64 కోట్లకు పైగా అంకెలు. లూకాస్–లేమర్ పరీక్షకు అది అందనంత పెద్దది. అదృష్టవశాత్తూ ఆ అవసరం పడలేదు: 295257526626031 దాన్ని భాగిస్తుంది. ఇది కూడా ఆయిలర్ మొదటి జల్లెడలో పట్టే సంఖ్యే. 2147483647ను 137490తో గుణించి ఒకటి కలిపితే సరిగ్గా ఇదే వస్తుంది.

రెండు లక్షణాలూ కలిసే చోటు

హద్దు కావడం, ప్రధాన సంఖ్య కావడం రెండూ ఒకేసారి పనికొచ్చిన సందర్భం ఒకటుంది: యాదృచ్ఛిక సంఖ్యల తయారీ. లేమర్ పద్ధతిలో ఒక సంఖ్యను స్థిరమైన గుణకంతో గుణించి, భాజకంతో భాగించి, శేషాన్ని తర్వాతి సంఖ్యగా తీసుకుంటారు. భాజకం ప్రధాన సంఖ్య అయితే, గుణకాన్ని సరిగ్గా ఎంచుకుంటే, 1 నుంచి 2147483646 వరకు ప్రతి సంఖ్యా ఒక్కోసారి వచ్చాకే వరుస మళ్లీ మొదటికొస్తుంది. గడిలో పట్టే అతి పెద్ద సంఖ్యే ప్రధాన సంఖ్య కావడంతో గడినంతా వాడుకోవడం కుదిరింది. 1988లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు పార్క్, మిల్లర్ దీన్ని ‘కనీస ప్రమాణం’గా సూచించారు. వారి గుణకం 16807, అంటే 7^5.

అయితే అదే హద్దు ఇక్కడ అడ్డం కూడా వస్తుంది. 214 కోట్ల దాకా ఉండే సంఖ్యను 16807తో గుణిస్తే గడి పొంగిపోక మానదు. దీన్ని తప్పించే ఉపాయం 2147483647ను విడదీయడంలోనే ఉంది: 16807 × 127773 + 2836. ముందుగా 127773తో భాగించి, వచ్చిన భాగఫలాన్ని 2836తో, శేషాన్ని 16807తో విడివిడిగా గుణించి, రెండో లబ్ధంలోంచి మొదటిది తీసేయాలి. రుణ సంఖ్య వస్తే 2147483647 కలపాలి. ఏ మెట్టులోనూ విలువ హద్దు దాటదు.

ఈ పద్ధతి సీ++ ప్రామాణిక లైబ్రరీలో ఇప్పటికీ ఉంది. పాస్‌వర్డులు, భద్రతా తాళాలకు మాత్రం పనికిరాదు, ఒక్క విలువ తెలిస్తే తర్వాతివన్నీ లెక్కగట్టవచ్చు. కోడ్ సరిగ్గా రాశారో లేదో చూసుకోవడానికి పార్క్, మిల్లర్ ఒక పరీక్ష కూడా ఇచ్చారు: 1తో మొదలుపెడితే 16807, 282475249, 1622650073 వరుసగా రావాలి, పదివేల అడుగుల తర్వాత 1043618065 రావాలి. మధ్యలో ఎక్కడైనా గడి పొంగితే ఆ విలువ రాదు.